సంగటి పక్కన పుల్లగూర ఏదీ?

సంపాదకులు గారికి,

ఈమధ్య ఏ పట్నంలో చూసినా హోటలు బోర్డుల మీద రాగి సంగటి, నాటుకోడి పులుసు జంటగా కనిపిస్తున్నాయి. రాయలసీమ వాళ్ల రోజువారీ తిండి ఇదేనని పిల్లలు నమ్ముతున్నారు. మదనపల్లె దగ్గరి పల్లెలో సంగటి తిని పెరిగినవాణ్ణి కనుక ఒక మాట చెప్పుకోవాలి. మా ఇళ్లలో కోడిని పండక్కో, చుట్టం వచ్చినప్పుడో కోసేవాళ్లు. తక్కిన రోజుల్లో ముద్ద పక్కన ఉండేవి చెంచలాకు, తోటకూర కలిపి ఎనిపిన పుల్లగూర, ఉలవచారు, చెనిక్కాయల (వేరుశనగ) ఊరిబిండి అనే పచ్చడి, సంక్రాంతి రోజుల్లో అనపగింజల (చిక్కుడు జాతి గింజల) పితికిపప్పు.

నూకలు మెత్తగా ఉడికాక మా అమ్మ వాటి మీద రాగిపిండి కుప్పగా పోసి, తెడ్డు కాడతో నాలుగు బొక్కలు పొడిచి, మూతపెట్టి ఆవిరికి మగ్గనిచ్చి, ఆ తర్వాతే ఉండ కట్టకుండా కెలికేది. మిగిలిన ముద్ద రాత్రంతా నీళ్లలో నాని పులిస్తే, పొద్దున మజ్జిగ, ఉల్లిపాయతో అదే మాకు సద్ది.

రాగుల్లో వంద గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది; పాలిష్ పట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. అయితే రాగుల్లో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఆ కాల్షియాన్నీ ఇనుమునూ ఒంటికి పూర్తిగా అందనివ్వవు, పులియబెడితే వాటి పట్టు సడలుతుంది. ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే మాంసకృత్తి అంశాన్ని ఉలవలు, అనపలు భర్తీ చేస్తాయి. ఈ లెక్కలేవీ మా అమ్మకు తెలియవు గానీ, పప్పో ఆకో లేకుండా వట్టి సంగటి ఏనాడూ పెట్టలేదు.

ఇప్పుడు రాగిని ఒంటరి మందుగా చూస్తున్నారు. మా వీధిలో చక్కెర వ్యాధి ఉన్న పెద్దాయన ఒకరు బెల్లం కలిపిన రాగిజావను రెండు పూటలా తాగి, రక్తంలో చక్కెర తగ్గలేదేమని ఆశ్చర్యపోయారు. మెత్తటి పిండిని పలుచగా కాస్తే త్వరగా అరిగిపోతుంది, పైగా బెల్లం. పప్పు, ఆకుకూరలతో నమిలి తిన్న ముద్ద అంత తొందరగా అరగదు. ముద్ద పరిమాణం సంగతీ చెప్పాలి: అది మడక దున్నేవాడి ఆకలికి సరిపడా కట్టింది, కుర్చీలో కూర్చునే మాబోటివాళ్లకు సగం చాలు.

ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకం కింద 2023 మార్చిలో పిల్లలకు బెల్లం కలిపిన రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. అది మంచి పనే. దానికి తోడు కనీసం సీమ జిల్లాల్లోనైనా వారానికి ఒక రోజు అన్నం బదులు చిన్న సంగటి ముద్ద, ఆకుకూర పప్పు వడ్డించాలని నా విన్నపం. కొత్తగా శిక్షణ ఇవ్వనక్కరలేదు. మా బడిలో వంట చేసే ఆడవాళ్లందరికీ సంగటి కెలకడం వచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మదనపల్లె