సెలవు పెట్టినా తీరని అలసట

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో "ఎంతసేపు పడుకున్నా నీరసంగానే ఉంటోందమ్మా, ల్యాప్‌టాప్ చూస్తేనే చిరాకేస్తోంది" అన్నావు. నీరసం సంగతి అలా ఉంచు, ఆ చిరాకు మాటకే నాకు దిగులేసింది. ఒట్టి అలసటైతే రెండు రోజులు వేళకి తిని కంటినిండా నిద్రపోతే తీరుతుంది. పని మీద మనసు విరిగితే అలా తీరదు. దాన్నే బర్నవుట్ అంటున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీని సంగతి వివరిస్తూ ఇది జబ్బు కాదు, ఉద్యోగం వల్ల వచ్చే స్థితి అంది. మూడు గుర్తులు చెప్పింది. సత్తువ అయిపోవడం, పని మీద వెగటు పుట్టడం, చేసే పని సరిగ్గా చెయ్యలేకపోవడం. వెగటంటే ఎలా ఉంటుందో చెప్తాను. టీమ్‌లో కొత్త పిల్ల సందేహం అడిగితే ఒళ్ళు మండుతుంది. తప్పు కనబడుతున్నా "పోనీలే" అని పంపేస్తావు. ఇక మూడోది వచ్చేసరికి, ఒకే మెయిల్ మూడుసార్లు చదివినా తలకెక్కదు. అరగంట పని రెండు గంటలు పడుతుంది. దాని కోసం రాత్రి ఇంకో గంట కూర్చుంటావు, ఆ గంట నిద్రలో తరుగుతుంది, మర్నాడు పని ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే "ఇంకాస్త కష్టపడితే సర్దుకుంటుంది" అనుకోవడమే ఇందులో పెద్ద పొరపాటు.

ముందు ఒంటి సంగతి తేల్చుకో. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా ఇదే నీరసం, ఇదే మతిమరుపు. డాక్టర్‌ని అడిగి సీబీపీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ది), ఫెరిటిన్, బి12 పరీక్షలు రాయించుకో. హిమోగ్లోబిన్ 12 దాటిందని ఊరుకోకు, ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటినా అది కొన్నాళ్ళు బాగానే కనిపిస్తుంది. ఆ నిల్వ సంగతి చెప్పేది ఫెరిటిన్. జుట్టు రాలకుండా వేసుకుంటున్నావే బయోటిన్ మాత్రలు, అవి థైరాయిడ్ రిపోర్టుని తారుమారు చెయ్యొచ్చు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి.

ఇంకో తేడా చూసుకో. ఆఫీసు ఊసే లేని చోట, ఎంతో ఇష్టమైన వాళ్ళింట్లో పెళ్ళిలో కూర్చున్నా దేని మీదా మనసు పోకుండా, రోజంతా దిగులుగా, రెండు వారాలు అలాగే ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకు. అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్యి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడ్డానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళప్పుడు చేసినా తెలుగులోనే మాట్లాడతారు.

ఇక పని సంగతి. ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కో. ఫోన్లో రాయకు, తెరవగానే ఆఫీసు మెసేజే కనిపిస్తుంది. 14 రోజులు, పడుకునే ముందు రెండు నిమిషాలు చాలు. పని ఎప్పుడు మొదలెట్టి ఎప్పుడు ఆపావు, ఎన్ని గంటలు నిద్రపోయావు, సత్తువకి పదికి ఎన్ని మార్కులు, ఆ రోజు ప్రాణం తోడేసిన పని ఏది. ఇంటిపనీ రాయి. గిన్నెలు అల్లుడే కడుగుతున్నాడు, నిజమే. సబ్బు అయిపోయిందనీ, గ్యాస్ బుక్ చెయ్యాలనీ గుర్తుంచుకునేది ఎవరో కూడా రాయి.

రెండు వారాలయ్యాక ప్రాణం తోడేసిన పనుల వరస ఒక్కటీ పైనుంచి కిందికి చదువు. పని ఎక్కువని అందరం అనుకుంటాం. కానీ బర్నవుట్ మీద పరిశోధించిన క్రిస్టినా మాస్లాక్, మైఖేల్ లైటర్ కారణాన్ని ఆరు చోట్ల వెతకమన్నారు. పని భారం, మన పని మీద మనకున్న పట్టు, గుర్తింపు, తోటివాళ్ళతో పొత్తు, న్యాయం, మనం నమ్మిన విలువలు. సాయంత్రం ఆరింటిదాకా ఆ రాత్రి కాల్ ఉందో లేదో తెలియదనుకో, అది భారం కాదు, పట్టు లేకపోవడం. పది రోజులు సెలవు పెట్టినా అది అక్కడే ఉంటుంది. సెలవు వద్దనను, పెట్టు. కానీ అడగాల్సింది ముందే అడిగి వెళ్ళు. లేకపోతే తిరిగొచ్చిన కొద్ది వారాలకే మళ్ళీ మొదటికొస్తావు.

మేనేజర్ దగ్గరికి "కష్టంగా ఉంది సార్" అంటూ వెళ్తే "అందరికీ అలాగే ఉంది" అంటారు. కాగితం తీసుకెళ్ళు. చేతిలో ఉన్న పనులన్నీ వరసగా రాసి, పక్కన గంటలు వెయ్యి. వారానికి 45 గంటలైతే కూడిక 60 వచ్చిందనుకో, "ఈ 15 గంటల పనిలో ఏది వచ్చేవారానికి తొయ్యమంటారు?" అని అడుగు. చెయ్యనని అనడం లేదు కాబట్టి ఆయనకీ జవాబు చెప్పడం తేలిక. కోరేది ఒక్కటే కోరు, వారంలో రెండు రాత్రులు కాల్స్ లేకుండా, అలాంటిది. నాలుగు అడిగితే అందులో తేలికైనది ఇచ్చి పంపేస్తారు. ఒప్పుకున్నది ఆ రోజే మెయిల్లో రాసి పంపు. నీ రాత్రి కాల్స్ అమెరికా వాళ్ళతో కాబట్టి ఇది అక్టోబర్‌లోనే తేల్చుకో. న్యూయార్క్ వాళ్ళ పొద్దున 9 ఇప్పుడు మనకి సాయంత్రం 6:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక 7:30 అవుతుంది. కాలిఫోర్నియా వాళ్ళ 9 అయితే ఏకంగా రాత్రి 10:30.

కాల్ ముందు కాఫీ మానెయ్. తాగిన కాఫీలోని కెఫీన్ సగం దిగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. తొమ్మిదింటికి తాగితే రెండింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. అంతా ఒక్కసారి ఆపితే తలనొప్పి వస్తుంది, రోజుకి అర కప్పు చొప్పున తగ్గించు. కాల్ అవగానే రేపు మొదట చెయ్యాల్సిన పని ఒక్కటి కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టి జిప్పు లాగెయ్. మంచం మీదికి తీసుకురాకు. ఆ తర్వాత అరగంట లైట్లు తగ్గించుకుని ఊరికే కూర్చో. ఏడు గంటలు నిద్ర పట్టేదాకా ఉద్యోగం మానెయ్యాలా వద్దా అన్నది తేల్చకు.

ఇవాళ బుధవారం. ఆ బయోటిన్ మాత్రలు ఇవాళే ఆపేస్తే శనివారం పొద్దున రక్తం ఇవ్వొచ్చు. రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు.

అమ్మ