తప్తపాణి వెళ్లేవారికి తెలుగులో ఒక హెచ్చరిక బోర్డు కావాలి

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం దగ్గరపడుతోందంటే మా సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు ఇళ్లలో ఒడిశాలోని వేడినీటి ఊట తప్తపాణి మాట మొదలవుతుంది. వ్యాన్ మాట్లాడుకుని, పులిహోర కట్టుకుని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరుతారు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లు, అక్కణ్ణించి దిగపహండి మీదుగా మరో యాభై. పక్క ఊరికి వెళ్లినట్టే ఉంటుంది కాబట్టి ముందు జాగ్రత్తల గురించి ఎవరూ ఆలోచించరు.

పోయిన శీతాకాలం మేమూ అలాగే వెళ్లాం. మా అమ్మకు డెబ్భై రెండేళ్లు, పదిహేనేళ్లుగా సుగర్ ఉంది. ఊట దగ్గరున్న కందుని దేవికి దణ్ణం పెట్టుకుని, గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలోకి దించింది. పక్కనే మా అబ్బాయి వేలు ముంచి అబ్బా అని లాగేసుకున్నాడు. అమ్మ మాత్రం హాయిగా ఉందంటూ కూర్చుంది. రాత్రి ఇంటికొచ్చాక చూస్తే కుడికాలి బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ. ‘నాకేటీ తెలీనేదురా’ అంది. సుగర్ వల్ల ఆవిడ అరికాళ్లకు స్పర్శ తగ్గిందని మాకు ముందే తెలుసు. వేడినీళ్ల దగ్గర ఆ సంగతి గుర్తు రాలేదు. తప్పు మాదే. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. డ్రెస్సింగ్ మార్చే రోజు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే.

అందుకే జిల్లా పర్యాటక, ఆరోగ్య శాఖలకు నా విన్నపం. ఇచ్ఛాపురం బస్టాండులోనూ రైల్వే స్టేషన్లోనూ పెద్ద అక్షరాలతో ఒక తెలుగు బోర్డు పెట్టించండి. ఊట ఒడిశాలో ఉంది, మనకేం సంబంధం అనుకోవద్దు. వెళ్లేది మనవాళ్లు. 1936లో ఒడిశా ఏర్పడే వరకు ఆ ఊట ఉన్న గంజాం జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. హద్దులు మారాయి కానీ మన రాకపోకలు మారలేదు.

ఆ బోర్డు మీద ముందుగా రాయాల్సింది సుగర్ ఉన్నవాళ్ల కాళ్ల గురించే. స్పర్శ బాగా తెలిసే మరొకరు నీళ్ల వేడి చూసి చెప్పాకే వాళ్లు కాలు పెట్టాలి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా దిగకూడదు. వేడినీళ్లలో ఎక్కువసేపు ఉంటే బీపీ పడిపోతుంది, ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. పిక్నిక్ అని మందు తాగి దిగే కుర్రాళ్లకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. వానయ్యి కురిసిన నీరే భూమి లోతుల్లోకి ఇంకి, అక్కడి వేడికి కాగి, రాతి పగుళ్ల గుండా పైకొస్తుంది. దారిలో గంధకం కలుస్తుంది కాబట్టి కుళ్లిన గుడ్డు వాసన. కాపడం పెట్టినట్టు కీళ్లకు కాసేపు ఉపశమనం దొరుకుతుంది, అది నిజం. కానీ ఆ నీళ్లతో జబ్బు నయమైపోయిందని మాత్రలు మానేసేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. దేవి మీద నమ్మకాన్ని నేను కాదనను. మాత్ర మాత్రం వేసుకోవాల్సిందే.

పెద్దవాళ్లతో వెళ్లేవారు అక్కడి పాంథనివాస్ అతిథిగృహానికి ముందే ఫోన్ చేసి, ఊట నీళ్లు వచ్చే గదులున్నాయేమో కనుక్కుంటే మేలు. బక్కెట్లో చన్నీళ్లు కలుపుకుని పోసుకోవచ్చు. కార్తీక ఆదివారాల్లో పలాస నుంచి ఒక స్పెషల్ బస్సు వేస్తే వ్యాన్ ఖర్చు భరించలేని వాళ్లకూ వీలవుతుంది.

ఈ ఏడూ తీసుకెళ్లమని అమ్మ అప్పుడే అడుగుతోంది. తీసుకెళ్తాం. ఆ బోర్డేదో కార్తీకం రాకముందే పెట్టిస్తే, మాలాగే తెలియక వెళ్లేవాళ్లు దారిలో ఒక్క నిమిషం ఆగి చదువుకుంటారు.

— ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా