పడక పుండుకు పౌడరు మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

 మంచం పట్టిన పెద్దవాళ్లు నెలల తరబడి ఉండేది వృద్ధాశ్రమాల్లో. చాలాచోట్ల రాత్రిపూట ఆయాలే దిక్కు. పడక పుండ్లు ముదిరేది అక్కడే.

కదలలేని మనిషిని ఒకే పక్కన వదిలేస్తే నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి రక్తం ఆడదు. పుస్తకాల్లో చెప్పే ఎర్రమచ్చ మన చామనఛాయ ఒంటి మీద సరిగా కనపడదు. చేత్తో తాకి చూడాలి. చుట్టూ ఉన్న చర్మం కంటే వెచ్చగానో గట్టిగానో ఉంటే పుండు మొదలైనట్టే. అక్కడ నూనె రాసి మర్దన చేస్తే లోపల నలిగిన కండ ఇంకా చితుకుతుంది. గాలి రింగు మీద కూర్చోబెట్టడమూ తప్పే, దాని అంచు చుట్టూ రక్తాన్ని బిగించేస్తుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద మరో దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని పక్క మార్చడం మానేస్తే ఆ డబ్బు దండగే.

పుండు పడ్డాక పౌడరు, పసుపు, స్పిరిట్ వద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే వచ్చే నురగ చూసి మురికి పోతోందనుకుంటారు. కొత్తగా పుడుతున్న కండ కూడా దాంతోపాటే పోతుంది. నార్మల్ సెలైన్‌తో కడిగితే చాలు. ఎండి అతుక్కున్న గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి, నానాక తీయాలి. గుంట లోతుగా ఉంటే గుడ్డ వదులుగా పెట్టాలి, కుక్కకూడదు. చీము, వాసన, జ్వరం, మాటలో తికమక కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

చారన్నంతో పుండు మానదు. 50 కిలోల మనిషికి రోజుకు 65 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరు చెప్పినంతే.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ ప్రకారం వృద్ధాశ్రమాల ప్రమాణాలు, అక్కడ అందాల్సిన వైద్య సేవలు రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించవచ్చు. ఆ ప్రమాణాల్లో రెండు కాగితాలు తప్పనిసరి చేయాలి. ఒకటి టైముతో సహా పక్క మార్చిన చార్టు. రెండోది వారానికోసారి పుండు పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో రాసిన రికార్డు. తనిఖీకి వచ్చే అధికారి రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆ చార్టులో గడులు చూస్తే చాలు. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో నింపినట్టుంటే దుప్పటి తీయించి నడుము, మడమలు చూడాలి.

- ఓ విశ్రాంత స్టాఫ్ నర్సు, కాకినాడ