ఒక్క చుక్కలో అయిదున్నర గుంటలు

సంపాదకులకు,

అయ్యా,

మొన్న సోమవారం మీ చదువుల పేజీలో పీజీ కోర్సుల పట్టిక వేశారు. జాగ్రఫీ ఎదురుగా ఉన్నవి రెండే మాటలు: 'టీచింగ్, సివిల్స్'. నేను ముప్పై ఏళ్లు గొలుసు పట్టుకుని పొలం గట్ల మీద తిరిగిన సర్వేయర్‌ని. మా చిన్నమ్మాయి ఉస్మానియాలో జాగ్రఫీ పీజీ చదువుతోంది. ఆ గడి చూసి ఊరుకోబుద్ధి కాలేదు.

ఆమె చేరేటప్పుడు చుట్టాలంతా 'జీఐఎస్ నేర్చుకో, మిగతాదంతా దండగ' అన్నారు. జీఐఎస్ అంటే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసి లెక్కలు తీసే పద్ధతి. అబద్ధమెందుకు, నేనూ అదే అన్నాను. ఈ వేసవిలో ప్రాజెక్టు కోసం మా ఊరి చెరువు ఉపగ్రహ చిత్రం తెరిచింది. చెరువు లోపల ఒక పక్కన ఎర్రటి మచ్చ. ఆ చిత్రాల్లో పచ్చటి పైరు ఎర్రగా కనిపిస్తుందట. ఆమెతో పనిచేస్తున్న అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో దిట్ట. దాన్ని సాగుభూమిలో కలిపేసి చెరువును చిన్నది చేశాడు. అది శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల! నీళ్లు తగ్గాక ఏదో ఒక పంట వేసుకుంటారు, వానలు పడితే మళ్లీ చెరువే. 'ఇది ఏ నెల బొమ్మ?' అని మా అమ్మాయి అడిగింది. మార్చిది. అక్టోబరుది తీసి చూస్తే అక్కడంతా నీళ్లే.

బొమ్మలో ఒక్కో చుక్క ఎంత అని అడిగాను. మన ఉపగ్రహాల్లో ఉండే లిస్-3 కెమెరా కాబట్టి ఒక్కో పక్క 23.5 మీటర్లు అంది. కాగితం మీద లెక్క కట్టాను: 552 చదరపు మీటర్లు, అంటే 660 గజాలు. గుంటకు 121 గజాల చొప్పున దాదాపు అయిదున్నర గుంటలు! రెండు గుంటల కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న చోట కొలిచినవాణ్ణి. ఈ బొమ్మతో హద్దు తగాదా తేలదు, చెరువులో నీళ్లెంత మేర పరుచుకున్నాయో తేలుతుంది. ఆ తేడా ఆ అమ్మాయికి తెలిసింది.

నీళ్లు, నేల రూపాలు, వాతావరణం, పట్టణాలు, జనాభా, వ్యవసాయం, ఇవన్నీ జాగ్రఫీలో స్పెషలైజేషన్లే. జీఐఎస్ అన్నిటికీ కావాలి, మా గొలుసులాగే. ఏయూ, ఎస్వీయూల్లోనూ జాగ్రఫీ శాఖలున్నాయి. బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసే ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్సీ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, ప్రగతినగర్‌లో సముద్ర సమాచారం చూసే ఇన్‌కాయిస్, మూడూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. 2021లో మ్యాపుల మీద ఆంక్షలు సడలించాక ప్రైవేటు కంపెనీలకూ దారి తెరుచుకుంది. మీ పట్టికలో వీటి ఊసే లేదు.

ఈసారి వేసేటప్పుడు ఏ యూనివర్సిటీలో ఏ స్పెషలైజేషన్‌కు చెప్పేవాళ్లున్నారో, ఫీల్డ్ వర్క్‌కు ఎన్ని రోజులు తీసుకెళ్తారో కూడా రాయండి. ఆ రెండోది తప్పకుండా రాయండి. మా అమ్మాయి పోయిన ఏడాది ఆ సంగతి సీనియర్లకు ఫోన్లు చేసి కనుక్కోవాల్సి వచ్చింది.

ఇట్లు,
ఓ రిటైర్డ్ మండల సర్వేయర్,
సిద్దిపేట జిల్లా