వాక్యం కలిసి చదువుకునే బృందాల కోసం: సంఘ కమిటీ విరాళాల విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియులైన సంఘస్థులకు, శ్రేయోభిలాషులకు యేసుక్రీస్తు నామంలో వందనాలు.

మందిరం గోడలకు రంగులు వేయించాలి, మైకులు మార్చాలి. వాటికోసం ఎప్పుడో ఒకప్పుడు మీ దగ్గరికి రాక తప్పదు. ఈసారి మాత్రం చిన్న బైబిల్ స్టడీ బృందాల కోసం అడుగుతున్నాం. వారానికి ఒకసారి ఎవరో ఒకరి ఇంట్లో ఎనిమిది మందో పది మందో కూర్చుని, సువార్తలో కొంత భాగం చదివి, తోచిన ప్రశ్న తోచినట్టు అడిగే కూడికలివి. ఆదివారం ఆరాధనకు ఎన్నడూ రానివాళ్లు వీటికి వస్తారు. ఇంకా ఏ నిర్ణయానికీ రానివాళ్లు, అసలు ఏ నిర్ణయమూ తీసుకునే ఉద్దేశం లేనివాళ్లు కూడా వస్తారు. రావాలనే మా కోరిక.

“కూర్చుని మాట్లాడుకోవడానికి డబ్బెందుకు?” అని కమిటీ సమావేశంలోనే ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ విజ్ఞప్తి అంతా దానికి జవాబే అనుకోండి.

లూకా సువార్త 8వ అధ్యాయంలో మొదటి మూడు వచనాలను మనం గబగబా దాటేస్తాం. విత్తువాని ఉపమానం మీదే మన ధ్యాస ఉంటుంది. కానీ ఆ మూడు వచనాల్లో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. యేసు పన్నెండుమంది శిష్యులతో ఊరూరా తిరుగుతూ సువార్త ప్రకటిస్తుంటే, మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది స్త్రీలు తమకు ఉన్నదానిలోంచి ఆ ఖర్చులు చూసుకున్నారు. సుఖారు దగ్గర యాకోబు బావి గట్టున సమరయ స్త్రీతో ప్రభువు మాట్లాడిన సంగతి మనందరికీ తెలుసు. ఆ సమయంలో శిష్యులు ఆహారం కొనడానికి ఊళ్లోకి వెళ్లారని యోహాను రాశాడు. కొనాలంటే చేతిలో డబ్బుండాలి కదా. లోకంలో అందరూ చెప్పుకునే ఆ సంభాషణ వెనక కూడా ఎవరిదో ఒకరి కానుక ఉంది.

సువార్త అనగానే వేదిక, మైకు, పెద్ద జనం గుర్తొస్తాయి. అవీ కావాలి, పెంతెకొస్తు రోజున పేతురు ప్రసంగించింది జనసమూహానికే. కానీ అదే అపొస్తలుల కార్యముల గ్రంథాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివితే, ఎన్ని మార్పులు మామూలు మాటల్లో జరిగాయో తెలుస్తుంది. గాజాకు వెళ్లే దారిలో ఫిలిప్పు ఒకే ఒక్క మనిషితో రథంలో కూర్చున్నాడు. ఆయన ఐతియొపీయుల రాణి కందాకే ధనాగారానికి అధికారి. (మన ట్రెజరర్ గారికి ఈ వివరం చాలా ఇష్టం.) ఆయన యెషయా గ్రంథం చదువుతున్నాడు, అర్థం కావడం లేదు. చదివేది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగాడు. ఎవరూ దారి చూపకపోతే ఎలా అర్థమవుతుందని ఆయన తిరిగి అడిగాడు. ఎఫెసులో అకుల, ప్రిస్కిల్ల దంపతులదీ అదే పద్ధతి. అపొల్లో గొప్ప వక్త, కానీ అతనికి తెలిసింది బాప్తిస్మమిచ్చే యోహాను ఇచ్చిన బాప్తిస్మం వరకే. సమాజమందిరంలో అందరి ముందూ అతన్ని తప్పు పట్టకుండా, తమతో చేర్చుకుని మిగతాది విడమరచి చెప్పారు. అపొల్లో పరువు పోలేదు, సంఘానికి మంచి బోధకుడు దక్కాడు.

మన బృందాల్లో ఏం జరుగుతుందో ఎప్పుడూ కూర్చోనివాళ్లకు తెలియదు కాబట్టి ఒక సాయంత్రం గురించి చెప్తాం. ఆ రోజు చదివింది మార్కు సువార్త 2వ అధ్యాయం. పక్షవాయువు వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చారు. కపెర్నహూములోని ఆ ఇంటి వాకిలి దగ్గర కూడా చోటు లేదు. పైకప్పు విప్పి పరుపుతో సహా కిందికి దించారు. చదవడం అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు కొత్తగా వచ్చిన ఒకాయన, “మరి ఆ కప్పు మళ్లీ ఎవరు వేయించారు?” అన్నాడు. అందరూ నవ్వారు. నడిపిస్తున్న చెల్లెలు మాత్రం ఆ ప్రశ్నను నవ్వుతో పోనివ్వలేదు. “ఇల్లు ఎవరిదై ఉంటుంది? మీ ఇంటికే అలా జరిగితే ఏం చేస్తారు?” అని తిరిగి అడిగింది. మాటలు మొదలయ్యాయి. అంత తెగించిన ఆ నలుగురి గురించి, మంచం మీద నోరు మెదపకుండా ఉన్న ఆ మనిషి గురించి చర్చ సాగింది. చివరికి ఆ కొత్తాయనే, “నడవలేనని వచ్చినవాడికి ముందు పాపాలు క్షమించానని చెప్పడమేంటి?” అని అడిగాడు. ధర్మశాస్త్రం బోధించే శాస్త్రులు మనసులో అభ్యంతరం పెట్టుకుంది ఆ మాట దగ్గరే, ఆ సంఘటనంతా తిరిగేదీ ఆ మాట చుట్టూనే. ప్రసంగం విని వెళ్లిపోయి ఉంటే ఆయన నోట ఆ ప్రశ్న వచ్చేది కాదని మా నమ్మకం.

పద్ధతి సులువే. ఇక్కడ ఏం రాసి ఉంది, దాని అర్థమేంటి, మనకు దానితో ఏం పని? ఈ మూడు ప్రశ్నలు ఆ వరుసలోనే అడగాలి. మనవాళ్లలో చాలామందికి మొదటిది వదిలేసి నేరుగా మూడోదానికి దూకే అలవాటు. మార్కు సువార్తతో మొదలుపెట్టడానికి కారణం అది నాలుగు సువార్తల్లో చిన్నది కావడమే. పదహారు అధ్యాయాలు. వారానికి ఒకటి చొప్పున చదివినా నాలుగు నెలల్లో పూర్తవుతుంది. కొత్తవాళ్లకు ఒక పుస్తకం మొత్తం చదివామన్న తృప్తి మిగులుతుంది.

ఇక ఖర్చుల దగ్గరికి వద్దాం.

మొట్టమొదటి అవసరం బైబిళ్లు. “ఇంటింటా ఉన్నాయి కదా” అనిపించవచ్చు. విశ్వాసుల ఇళ్లలో ఉన్నాయి. కొత్తవాళ్ల దగ్గర లేవు. ఉన్నవి కూడా ఒక్కొక్కరిది ఒక్కో అచ్చు. “మార్కు రెండు, ఒకటో వచనం” అనగానే మనం టక్కున తీస్తాం. పక్కన కూర్చున్న కొత్త మనిషి అరవై ఆరు పుస్తకాల మధ్య ఎటు తిప్పాలో తెలియక ఊరికే పేజీలు తిప్పుతూ, తనొక్కడికే తెలియదని కుంచించుకుపోతాడు. ఆ వారంతో మానేసినవాళ్లు కూడా ఉన్నారు. అందరి చేతిలో ఒకే ముద్రణ ఉంటే నడిపించేవాళ్లు పేజీ నంబరు చెప్తారు, అంతే, ఆ ఇబ్బంది తీరిపోతుంది. నిజానికి ఈ అధ్యాయాలు, వచనాల అంకెలు మొదట్లో లేనేలేవు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలను రాబేర్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేశాడు. పౌలు పత్రికలు మొదట విన్నవాళ్లకు “రోమా ఎనిమిది, ఇరవై ఎనిమిది” అంటే ఏమీ అర్థమయ్యేది కాదు. అవి తెలియవని ఈ రోజు వచ్చినవాళ్లను చిన్నచూపు చూడడంలో అర్థం లేదు.

వాటిలో కొన్ని పెద్ద అక్షరాలవి కావాలి. కళ్లజోడు మర్చిపోయానంటూ తమ వంతు వచ్చినప్పుడల్లా పక్కవాళ్లకు అందించే పెద్దవాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు. కొందరికి నిజంగానే చూపు ఆనదు. కొందరికి చదవడం రాదు, ఆ మాట పైకి చెప్పలేరు. అందుకే ఆడియో బైబిళ్లు కూడా తీసుకోవాలనుకుంటున్నాం. ముందు అందరూ విని, తర్వాత మాట్లాడుకుంటే ఎవరికి చదువు వచ్చో ఎవరికి రాదో బయటపడదు. చూపు లేనివాళ్లకు బ్రెయిలీ బైబిల్ కావాలి. పూర్తి సెట్టు నలభై సంపుటాలకు పైగా ఉంటుంది, అలమారా నిండిపోతుంది. అంతా ఒకేసారి మన వల్ల కాదు. సువార్తల సంపుటాలతో మొదలుపెడదామని కమిటీ తీర్మానించింది.

రెండోది నడిపించేవాళ్ల శిక్షణ. కమిటీలో కొందరు ఇది అనవసరమన్నారు, ఎక్కువమంది ఇదే అన్నిటికంటే అవసరమన్నారు. వాక్యం బాగా తెలిసినవాళ్లే చాలాసార్లు బృందాన్ని పాడుచేస్తారు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తారు, గంటలో నలభై నిమిషాలు వాళ్లే మాట్లాడతారు. ఎదుటివాళ్లు మాట్లాడేదాకా ఓపిక పట్టడం, తెలియనిదాన్ని “నాకు తెలియదు, చూసి వచ్చే వారం చెప్తాను” అని ఒప్పుకోవడం, వేరే విశ్వాసం ఉన్నవాళ్లు మాట్లాడుతుంటే వాదనకు దిగకుండా వినడం, బృందంలో ఒకరు చెప్పుకున్న బాధను ప్రార్థన విన్నపం పేరుతో ఊరంతా చాటకుండా ఉండడం నేర్చుకోవాల్సిన పనులే. మీలోని నిరీక్షణ గురించి అడిగిన ప్రతివారికీ సాత్వికంతోను భయంతోను సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో రాశాడు. సమాధానం చెప్పడం మనకు వచ్చు. సాత్వికం దగ్గరే తడబడుతున్నాం. ఈ శిక్షణకు పాఠాలు అచ్చు వేయించాలి, బయటి నుంచి వచ్చే బోధకుల ప్రయాణ ఖర్చులు పెట్టుకోవాలి.

చిన్నపిల్లల తల్లులు కూర్చోలేకపోతున్నారు కాబట్టి ఆ గంటసేపు పిల్లల్ని చూసుకునే ఏర్పాటు, రావడానికి ఛార్జీలు లేనివాళ్లకు సాయం, వినికిడి లేనివాళ్లకు సైగల భాషలో చెప్పే మనిషి: ఇవి కూడా ఈ నిధి నుంచే.

చిన్న బృందాలకు, చిన్న కానుకలకు ఉన్న బంధం ఎంత పాతదో చెప్పే సంఘటన ఒకటుంది. 1742 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ అనుచరులు తమ మందిరం అప్పు ఎలా తీర్చాలా అని కూర్చున్నారు. ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇస్తే సరిపోతుందని ఫోయ్ అనే కెప్టెన్ అన్నాడు. చాలామంది బీదవాళ్లు, అదీ ఇవ్వలేరని ఇంకొకరు అన్నారు. “అయితే అందరికంటే బీదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి. ఇవ్వగలిగితే ఇస్తారు, లేకపోతే వాళ్ల వంతు నేనే వేస్తాను” అన్నాడాయన. అలా పన్నెండు మందికో బృందం ఏర్పడింది. పెన్నీల కోసం వారం వారం ఇంటింటికీ వెళ్లిన నాయకులు ఆ ఇళ్లలోని కష్టసుఖాలు, ఆత్మీయ స్థితి తెలుసుకోవడం మొదలుపెట్టారు. కొంతకాలానికి అందరూ ఒకచోట కలుసుకోసాగారు. మెథడిస్టులకు ప్రాణంలాంటి ‘క్లాస్ మీటింగ్’ అలా అప్పు తీర్చే లెక్కలోంచి పుట్టింది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పేనర్ అనే సంఘ కాపరి అంతకు డెబ్బై ఏళ్ల ముందే, 1670లో, తన ఇంట్లో ఇలాంటి కూడికలు మొదలుపెట్టాడు. అయితే కమిటీ వాళ్లం కాబట్టి మాకు బ్రిస్టల్ కథే ఎక్కువ నచ్చుతుంది.

మాకు మేం పెట్టుకున్న కొన్ని కట్టుబాట్లు మీకు తెలియాలి. బృందాల్లో కానుక సంచి తిప్పం. వాక్యం చదువుదామని వచ్చిన మనిషి ముందు చేయి చాచడం మాకు ఇష్టం లేదు, అందుకే సంఘం ముందు చాస్తున్నాం. వచ్చినందుకు ఎవరికీ డబ్బులు గానీ బహుమతులు గానీ ఇవ్వం. పైన చెప్పిన ఛార్జీల సాయం కూడా అడిగినవాళ్లకే, ప్రయాణానికి అయినంతే. విశ్వాసాన్ని కొనలేం, కొన్నట్టు కనిపించడం కూడా ప్రభువు నామానికి అవమానమే. ఎవరి మతాన్నీ హేళన చేయం, బాప్తిస్మం తీసుకోమని ఒత్తిడి చేయం. మార్కు సువార్త మొత్తం చదివి, దండం పెట్టి, ఇక రానని వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. వాళ్ల చేతిలోని బైబిల్ తిరిగి అడగం. అది వృథా ఖర్చని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్ని కూడా గుడ్డిగా నమ్మకుండా లేఖనాల్లో ప్రతిరోజూ వెదికి చూసుకున్నారు. వాళ్లను లూకా ఘనులన్నాడు. ఆ స్వేచ్ఛ వచ్చిన ప్రతివారికీ ఉండాలి.

లెక్కల విషయం. యెరూషలేము పరిశుద్ధుల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు ఆ డబ్బు ఒంటరిగా పట్టుకెళ్లలేదు. తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరులను కూడా పంపుతున్నానని, ఎవరూ తప్పు పట్టకుండా జాగ్రత్త పడుతున్నామని కొరింథీయులకు రెండో పత్రిక 8వ అధ్యాయంలో చెప్పాడు. మేమూ అంతే. ఈ నిధిని మందిర సాధారణ ఖాతాలో కలపం. ప్రతి ఖర్చుకూ ఇద్దరి సంతకం ఉంటుంది. మూడు నెలలకోసారి ఆరాధన తర్వాత లెక్కలు చదివి వినిపించి నోటీసు బోర్డులో పెడతాం. ఇచ్చినవాళ్ల పేర్లు మాత్రం చదవం. పెద్ద మొత్తానికి చప్పట్లు, చిన్న మొత్తానికి మౌనం అనే పద్ధతి రెండు కాసులు వేసిన విధవరాలి కథ చదివే సంఘానికి తగదు.

ఒకేసారి ఇవ్వదలచినవాళ్లు ‘బృందాల నిధి’ అని రాసిన కవరులో పెట్టి ట్రెజరర్ గారికి అందించి రసీదు తీసుకోండి. నెలనెలా ఇవ్వగలవాళ్లు అంతా కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద రాసిస్తే, ఎన్ని బైబిళ్లకు ఆర్డర్ పెట్టాలో మాకు ముందే తెలుస్తుంది. ఆ కాగితం అప్పుపత్రం కాదు. మధ్యలో ఇబ్బంది వస్తే ఒక మాట చెప్తే చాలు. దశమభాగంలోంచి (రాబడిలో దేవునికిచ్చే పదో వంతులోంచి) తీసి దీనికి మళ్లించవద్దు, ఇది దానికి పైన ఇచ్చే ప్రేమ కానుక. అప్పుచేసి అసలే ఇవ్వవద్దు. డబ్బు కుదరనివాళ్లు వారంలో ఒక సాయంత్రం తమ ఇంటి ముందుగది ఇవ్వొచ్చు, పిల్లల్ని చూసుకోవచ్చు, చూపు ఆననివాళ్లను తీసుకొచ్చి దింపొచ్చు. అలాంటివాళ్లు కార్యదర్శి దగ్గర పేరు రాయించండి. ఇంట్లో వాడకుండా ఉన్న, చిరగని బైబిళ్లు తెచ్చినా తీసుకుంటాం. ఒకే ముద్రణవి విడిగా కట్టలు కట్టి ఏ బృందానికి సరిపోతే ఆ బృందానికి పంపుతాం.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ