వెతికే రైతు నోటి మాటే ట్యాగు కావాలి

నల్లగొండ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పాలమూరు రైతులు ఫోనులో వెతికి చదువుకునేలా మీరు ఎంతో శ్రద్ధగా రాసిపెడుతున్న సహాయ వ్యాసాలు అవసరమైన వేళకు వాళ్లకు దొరకడం లేదని చదివి నాకూ బాధ కలిగింది. వెతికితే వ్యాసం దొరికేలా దానికి తగిలించే గుర్తింపు మాటలు, అంటే ట్యాగులు, ఎలా పెట్టాలని అడిగావు గనుక నాకు తోచినది వివరంగానే రాస్తున్నాను.

మీ వ్యాసానికి "వేరుశనగలో ఆకుమచ్చ తెగులు నివారణ" అని పేరు పెట్టారు. అది సరైన పేరే. అయితే అచ్చంపేట వైపు రైతు ఫోను తీసి "పల్లి ఆకు మీద మచ్చలు" అని వెతుకుతాడు, లేదంటే మందుల దుకాణంలో విన్న "తిక్క తెగులు" అన్న మాట కొడతాడు. శీర్షికలో పల్లీ లేదు, తిక్కా లేదు. ఇక ఆ వ్యాసం ఉండీ లేనట్టే. మా వైపు బత్తాయి తోటల్లోనూ ఇంతే. నల్లి పట్టి కాయ తొక్క గరుకై, గోధుమ రంగుకు తిరిగి, ధర పడిపోతే రైతు దానిని మంగు అంటాడు. నీటిలో కరిగే గంధకాన్ని లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి చల్లమని "నల్లి నివారణ" వ్యాసంలో ఎంత చక్కగా చెప్పినా, మంగు అనే ట్యాగు లేకపోతే అది అతని కంటపడదు.

కాబట్టి శీర్షికను అలాగే ఉండనిచ్చి, ట్యాగులను రైతు మాటలోంచి తీసుకో. పల్లి, పల్లికాయ, వేరుశనగ అన్నవాటిని మూడు ట్యాగులుగా ఉంచవద్దు. ఏది కొట్టినా ఒకే ట్యాగుకు చేరేలా కలిపెయ్యి. లేకపోతే సగం వ్యాసాలు ఒకదాని కింద, మిగతావి మరొకదాని కింద చేరి, రైతుకు ఎప్పుడూ సగమే కనిపిస్తాయి.

ఇక ఎన్ని ట్యాగులు పెట్టాలన్నది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన, పుస్తకాలను విషయాల వారీగా అమర్చే కోలన్ వర్గీకరణలో పుస్తక విషయాన్ని పలు ముఖాలుగా విడదీసి చూపారు. మీకూ అదే దారి మేలని నా నమ్మకం: పంట, మొక్కలో భాగం, సమస్య, కాలం. "పల్లి, ఆకు, మచ్చ, యాసంగి" అని పెడితే ఆ వ్యాసానికి చాలు. "వ్యవసాయం" అన్న ట్యాగును మాత్రం తీసెయ్యి. అన్ని వ్యాసాలకూ తగిలించినది దేనినీ వేరుచేసి చూపలేదు. పాఠకుని సమయం ఆదా చేయాలన్నది 1931 నాటి ఆయన గ్రంథాలయ పంచసూత్రాలలో నాలుగవది. చేను మీద పురుగు పడ్డ రోజున వెతికే మనిషి విషయంలో ఆ సూత్రం ఎంత విలువైనదో నీకు వేరే చెప్పనక్కరలేదు.

తెలుగుకే ఉన్న చిక్కు మరొకటి ఉంది. "మహబూబ్‌నగర్" అని రాసేటప్పుడు న ఒత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పడుతుంది. ఫోనులో చాలామంది అది లేకుండానే "మహబూబ్నగర్" అని కొడతారు. మనకు రెండూ ఒకే ఊరు, యంత్రానికి మాత్రం వేర్వేరు మాటలు. పోల్చి చూసే ముందే ఆ గుర్తును తీసివేయమని మీ సాంకేతిక మిత్రునితో చెప్పు.

అన్నిటికన్నా ముఖ్యంగా, వెతికినా ఏమీ దొరకని మాటల జాబితాను వారానికొకసారి తీయించు. కొత్త ట్యాగులు అందులోంచే రావాలి. మొదటి జాబితా రాగానే నాకు పంపు. బత్తాయి, నిమ్మ మాటలు ఇక్కడి తోటల వాళ్లను అడిగి నేను సరిచూస్తాను, పల్లి, కంది, మక్కల సంగతి అక్కడ నువ్వు చూడు.

ఇట్లు,
నీ మిత్రుడు