గోడ ఇచ్చిన అన్నకు, డప్పు కొట్టిన తమ్ముళ్లకు, అందరికీ కృతజ్ఞతలు

ఆడవాళ్ల మీద, పిల్లల మీద హింస ఆగాలని నవంబర్ 25న దేవరకొండ దగ్గర మా ఊళ్లో పెట్టుకున్న సభ మీ అందరి పుణ్యాన బాగా జరిగింది. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు, అందుకే రాయడం లేదు.

ముందుగా కిరాణా కొట్టు అన్నకు. ఆయన గోడ మీద సిమెంట్ ప్రకటన రాయించుకునే కంపెనీ వాళ్లు ఎంతో కొంత ముట్టజెప్పేవాళ్లు. ఈసారి వాళ్లను వద్దని గోడ మాకిచ్చాడు. ఇప్పుడు దాని మీద మహిళలకు 181, పిల్లలకు 1098, ఆపదలో ఎవరికైనా 112 అని ఉంది. పెయింటర్ తమ్ముడు కూలి తీసుకోలేదు. ఫోన్‌లో నంబర్ దాచుకుంటే ఇంట్లో చూస్తారని భయపడేవాళ్లకు గోడే నయం.

'ఇంటి గొడవలు బజార్ల పెడ్తరా' అని గొణిగిన పెద్దమనుషులు కూడా డప్పు మోగగానే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లకూ థ్యాంక్స్! అంగన్‌వాడీ అక్క తండాలు తిరిగి లంబాడీలో చెప్పకపోతే సగం టెంట్ ఖాళీగా ఉండేది. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసీ చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరమేనని, ఆ పిల్లల పేరు బయటపెట్టకూడదని హెడ్మాస్టర్ సార్ చెప్పారు. వలస పోయినవాళ్ల పిల్లల్ని చూసుకునే తాతలు, అవ్వలు చాలామంది విన్నారు.

అసలు పని జరిగింది మాత్రం సభ అయ్యాకే. టెంట్ విప్పుతుంటే ఒకామె వచ్చి లాయర్ మేడంను అడిగింది: 'కేసు పెడితే ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తరు. పిల్లల్ని తీస్కొని యాడికి వోవాలె?' మేడం భుజాన ఉన్న బ్యాగు దించి మళ్లీ కూర్చున్నారు. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా 2005 గృహహింస చట్టం ప్రకారం అందులో ఉండే హక్కు ఉందని, రక్షణ అధికారి ద్వారా గానీ నేరుగా మేజిస్ట్రేట్‌కు గానీ అర్జీ పెట్టుకోవచ్చని విడమర్చి చెప్పారు. ఆమె వెనకాల ఇంకొందరు చేరారు. మేడం ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది, అయినా లేవలేదు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే నల్గొండ సఖి కేంద్రానికి తోడు వస్తానని ఆశా వర్కర్ అక్క మాటిచ్చింది. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు కూడా లేదు కదా. అక్కా, మేడం, మీ రుణం తీర్చుకోలేం.

మిగిలిన చందాతో పక్క తండాలో ఇంకో గోడ రాయిస్తాం, లెక్కలు సంఘం పుస్తకంలో ఉన్నాయి.

టెంట్ హౌస్ అన్న కిరాయి సగమే తీసుకున్నాడు. ఆయన ఎర్ర కుర్చీలు రెండు ఇంకా ఎవరింట్లోనో ఉన్నాయి, దయచేసి తెచ్చివ్వండి.